‘తాళాల గుత్తి’ చివరి మాట

ఆసుపత్రి లాండ్రీ, ఇస్త్రీ బల్ల పక్కనుంచి
ఫిబ్రవరి

పంతులమ్మ వదినకి,

నీ ఆడపడుచు నమస్కారాలు. ఉత్తరం చూడగానే “మళ్ళీ ఏం కావాలిట దీనికి?” అనుకుంటూ కళ్ళజోడు వెతుక్కుంటావు. నెత్తిమీదే ఉంది, చూసుకో.

నిజంగానే ఒకటి కావాలి. నువ్వు ఫ్రెంచిలోంచి తెలుగు చేసిన “తాళాల గుత్తి”ని మా నాటక సమాజం వాళ్ళు ఈ పరాయి దేశంలో ఆడటం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. ముప్పై ఆటలు పూర్తయ్యాయి. సెప్టెంబరులో ముప్పై ఒకటోది. ఆ సందర్భంగా చిన్న పుస్తకం వేస్తారట, అందులో ప్రదర్శనల చరిత్ర నేను రాయాలట. మా దర్శకుడు పళ్ళ డాక్టరు, “అన్ని ఆటల్లోనూ ఉన్నది మీరొక్కరేనండీ” అన్నాడు. పగలంతా దుప్పట్లు మడతపెట్టే చేతికి చరిత్ర మడతపెట్టడం ఎంతసేపు అనుకున్నాడు కాబోలు.

ముప్పై ఒకటోది నాకు ఆఖరిది. మోకాళ్ళు సెలవు అడుగుతున్నాయి. పనిమనిషి వేషం అంటే మూడంకాలూ వంగి నేల తుడవడమే కదా! ఆ రచయిత ఎవరో గానీ వదినా, జన్మలో నేల తుడిచి ఉండడు.

అసలు గొడవ ఇప్పుడు చెప్తాను. కొత్తగా సమాజంలో ఒక భాషా మేష్టారు చేరాడు. ఫ్రెంచి నేర్పుతాడు. అసలు పుస్తకం ఒక పక్కా నీ అనువాదం ఒక పక్కా పెట్టుకుని, వరస వరసకీ వేలు పెట్టి చదివాడు. మేం ఆయన్ని కామా మేష్టారు అంటాం, చాటుగా. నీ తెలుగు చాలా బాగుందన్నాడు, పొంగిపోకు. చివరి పేజీ దగ్గర ఆగిపోయాడు. పుస్తకంలో పనిమనిషి తాళాల గుత్తి బల్లమీద పెట్టి, నోరు మెదపకుండా వెళ్ళిపోతుందట. అక్కడే తెర. మన నాటకంలో గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, “తలుపు గడియ పెట్టకండి. నేను వచ్చేస్తాను” అంటుంది కదా. అది ఫ్రెంచిలో లేనే లేదట!

రచయితగారు పోయాక హక్కులు ఆయన మేనకోడలికి వచ్చాయి. ఈసారి ఆటకి ఆవిడ స్వయంగా వస్తోంది. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు అన్న షరతుమీదే అనుమతిచ్చింది. కాబట్టి ఆ మాట పుస్తకంలో ఎక్కడుందో చూపించండి, లేదా కొట్టేయండి అంటున్నాడు కామా మేష్టారు. వదినా, ఆ ఒక్క మాట అనడం కోసమే నేను మూడంకాలూ తుడుస్తాను. అది కాస్తా తీసేస్తే నా ఆఖరి ఆటలో నాకు మిగిలేది తడిగుడ్డ.

అది ఏ ఫ్రెంచి మాటకి తెలుగో వెంటనే రాయి.

నీ అర్ధమొగుడు

*

మేడమీది గది, కిటికీ బల్ల
మార్చి

రేడియోకి వదిన ఆశీస్సులు.

కళ్ళజోడు నెత్తిమీద లేదు. ముక్కుమీదే ఉంది. అయినా కాసేపు వెతికిన మాట నిజమే.

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. పూర్తి మొగుడు ఇరవై ఎనిమిదేళ్ళలో నన్ను ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. నువ్వు ఒక్క ఉత్తరంలో అన్నీ అడిగేశావు. మీ అన్నయ్య నీకు రేడియో అని పేరు పెట్టడంలో తప్పేముంది? మీట నొక్కకుండానే మోగుతావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇలాంటిదాని చేతికి చరిత్ర ఇచ్చారంటే మీ పళ్ళ డాక్టరు ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

నీ చరిత్రకి కావాల్సినవి రాస్తున్నాను. ఆ నాటకం నేను పనిచేసే బళ్ళో పాత పుస్తకాలు పారేస్తుంటే దొరికింది. అట్ట లేదు. మొగుడూ పెళ్ళాం మూడంకాలూ ఒక అల్మారా తాళం ఎవరు పారేశారని పోట్లాడుకుంటారు. తాళం తన దగ్గరే ఉందని పనిమనిషి మొదటి అంకం నుంచీ చెప్తూనే ఉంటుంది, ఒక్కరూ వినరు. చదివినప్పుడు తెగ నవ్వొచ్చింది. ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకంలో, నీలం పెన్సిలుతో, మధ్యాహ్నం విరామాల్లో రాశాను. మీ అన్నయ్య టైపు చేశాడు. టైపు నేర్పే బళ్ళో ఆయన పిల్లలకి చెప్పే మొదటి పాఠం నీకూ తెలుసు. “కాగితం మీద ఉన్నది కొట్టడమే మన పని. ఆలోచించే పని రాసినవాళ్ళది.” నేను కామా మర్చిపోతే ఆయనా మర్చిపోయేవాడు. ఇంట్లో ఉప్పు మర్చిపోయినా అంతే, మాట్లాడకుండా తినేవాడు.

చివరి మాట సంగతి. ఉంటుందిలే, ఎక్కడికి పోతుంది? ఫ్రెంచివాళ్ళు కొన్ని మాటలు మౌనంలో చెప్తారు. అనువాదంలో దాన్ని బయటికి తీసుకురావాలి. ఇవన్నీ ఆ మేష్టారికి అర్థం కావాలంటే టైము పడుతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకట?

మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో. మీ లాండ్రీలో వేడినీళ్ళకి కరువా!

వదిన

*

లాండ్రీ, మడత గది
ఏప్రిల్

వదినా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. మౌనంలో చెప్తారా? నేను అదే చెప్పాను, ముఖం గంభీరంగా పెట్టి మరీ. కామా మేష్టారు పుస్తకం నా ముందుకు తోసి “ఆ మౌనం ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించండి” అన్నాడు. నీ పరువు కాపాడబోయి నా పరువు పోగొట్టుకున్నాను.

నువ్వు పేజీ నంబరు వెతికేలోగా, నేను చరిత్రలో ఇంతవరకు రాసింది విను. తప్పులుంటే దిద్దు, ఎర్ర సిరా మాత్రం వద్దు.

మొదటి ఆట ఒక బడి భోజనాల హాల్లో. బల్లలన్నీ గోడవారకి తోశాం. తలుపు లేదు. రెండు కుర్చీల మధ్య ఖాళీయే గుమ్మం. నేను “తలుపు గడియ పెట్టకండి” అనగానే మూడో వరసలోంచి ఎవరో “ముందు తలుపు పెట్టండమ్మా” అన్నారు. హాలంతా గొల్లుమంది. నాకు ఏడుపొచ్చింది. రెండో ఆటకి, యజమాని వేషం వేసే మా బస్సు డ్రైవరు నిజం తలుపే మోసుకొచ్చాడు. ఎవరింటిదో ఇప్పటికీ చెప్పడు. నాలుగో ఆటలో ఆ తలుపు బిగుసుకుపోయింది. లాగాను, రాలేదు. తన్నాను, రాలేదు. చివరికి కిటికీ ఎక్కి, ఒక కాలు అవతలా ఒక కాలు ఇవతలా పెట్టి, “తలుపు గడియ పెట్టకండి, నేను వచ్చేస్తాను” అన్నాను. డ్రైవరు, “పెట్టక్కర్లేదు, అదే పడింది” అన్నాడు. అది మాత్రం ఫ్రెంచిలో లేదని నేనే ఒప్పుకుంటున్నాను.

పదకొండో ఆటలో యజమానురాలు వేషం వేసే నర్సుకి ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. రెండో అంకం నుంచి పళ్ళ డాక్టరే గౌను తొడుక్కుని వచ్చాడు, మీసాలతో. జనం పది నిమిషాలు నవ్వి, తర్వాత అలవాటుపడిపోయారు.

ఇవన్నీ రాస్తుంటే ఒక సంగతి గమనించాను. ఎలాంటి ఆటైనా, ఎంత అధ్వాన్నంగా ఆడినా, అయ్యాక ఎవరో ఒకరు తెరవెనక్కి వస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న. “ఆవిడ తిరిగొస్తుందాండీ?” ఒకసారి ఒక పెద్దాయన టోపీ చేతిలో పట్టుకుని, నేను ముఖం కడుక్కునేదాకా నిలబడి మరీ అడిగాడు. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. వాళ్ళే ఏదో ఒకటి అనుకుని వెళ్ళిపోతారు.

వచ్చే నెల కమిటీ కూర్చుంటోంది. అప్పటికి నీ పేజీ నంబరు రాకపోతే ఆ మాట పోతుంది. డొంకతిరుగుడు మాని నిజం చెప్పు.

నీ అర్ధమొగుడు

*

మేడమీది గది
మే

రేడియోకి,

ఈ ఉత్తరం చదివి నవ్వితే నవ్వు గానీ, కమిటీలో చదివి వినిపించకు.

పెట్టెలన్నీ దించి ఆకుపచ్చ నోటుపుస్తకం వెతికి పట్టుకున్నాను. చివరి పేజీ తీశాను. పైన నా అనువాదం: “పనిమనిషి తాళాల గుత్తి బల్లమీద పెట్టి బయటికి వెళ్ళును. తెర.” అంతే, మీ మేష్టారు చెప్పినట్టే. కింద మార్జిన్లో, అదే నీలం పెన్సిలుతో, అదే దస్తూరీతో ఉంది: “తలుపు గడియ పెట్టకండి. నేను వచ్చేస్తాను.”

అది నాటకం కాదే పిల్లా. మీ అన్నయ్యకి నేను రాసిన చీటీ!

నోటుపుస్తకం ఎలాగూ టైపు మిషను పక్కనే ఉంటుంది, ఆయన కళ్ళు ఎలాగూ దానిమీదే ఉంటాయి, వేరే కాగితం దండగని ఇంటి సంగతులన్నీ మార్జిన్లోనే రాసేదాన్ని. ముందు పేజీల్లో “పాలవాడు రాలేదు”, “మీ చొక్కా గుండీ కుట్టాను” కూడా ఉన్నాయి. అవి ఎందుకు వదిలేశాడో, ఇది ఎందుకు కొట్టాడో! ఆలోచించే పని మనది కాదు అనే మనిషి కదా, ఆ రోజు కళ్ళు మూతలు పడుతున్నాయో ఏమో. ఆయన టైపు చేసింది నేను మళ్ళీ చదవలేదు. తిన్నగా నీకు పంపించేశాడు. నువ్వు మొదటి ఆట సంగతి రాసినప్పుడు తలుపు గొడవ అంతా చదివి కూడా, ఆ మాట ఫ్రెంచిదే అనుకున్నాను. నేనే అనువాదం చేసి నేనే మర్చిపోయానేమో అనుకున్నాను. నా బడిపిల్లలు ఇలా చేస్తే బెంచీ ఎక్కించేదాన్ని.

ముందు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ముప్పై ఆటలు! పరాయి దేశంలో! పెద్దాయన టోపీ తీసి మరీ! అంతా నా ఇంటి చీటీకి! తర్వాత ఏడుపొచ్చింది. సిగ్గుతో అనుకో.

ఆ రోజు ఏదో పనిమీద బయటికి వెళ్ళాను. అంతకన్నా ఏం లేదు. మేష్టారు చెప్పిందే ధర్మం. ఆ మాట తీసేయండి. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా రచయితది కానిది రచయిత పేరుమీద చెలామణీ చేయడం దొంగతనం. నా పేరు మాత్రం చరిత్రలో మెల్లగా రాయి.

వదిన

*

లాండ్రీ, ఇస్త్రీ బల్ల
జూన్

పంతులమ్మ వదినకి,

నవ్వాను. కమిటీలో చదవలేదు. సగం మాత్రమే చెప్పాను, అదీ మర్యాదగా. పళ్ళ డాక్టరు నవ్వాపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కామా మేష్టారు నవ్వలేదు. “చూశారా, నేను చెప్పలేదూ!” అన్నాడు. మేనకోడలికి సంగతంతా రాసి ఆవిడ మాటే ఖాయం చేసుకుందామని తేల్చారు. ఆవిడ జవాబు వచ్చేదాకా ఆ మాట లేకుండానే రిహార్సల్ చెయ్యాలట.

చేశాం. గుత్తి పెట్టాను, వెళ్ళిపోయాను. తెర లాగేవాడు లాగలేదు. వాడికి ఇరవై రెండేళ్ళుగా ఆ మాట వింటే చెయ్యి తాడుమీదికి వెళ్తుంది, వినకపోతే వెళ్ళదు. డ్రైవరు కుర్చీలో కూర్చుని గుమ్మంవైపే చూస్తున్నాడు. నేను పక్కన తెరచాటున నిలబడి చూస్తున్నాను. ఎంతసేపటికీ ఎవరూ కదలరు. చివరికి డ్రైవరే “వెళ్ళిపోయిందా?” అన్నాడు, నిజంగానే బెంగపెట్టుకున్న గొంతుతో. ఇలా ఆడి సెలవు పుచ్చుకోవడం నా వల్ల కాదు వదినా, అంతకన్నా ముప్పైతోనే ఆపేస్తాను.

ఇంకొక సంగతి. ఏదో పనిమీద బయటికి వెళ్ళావా? ఏం పని? పాలవాడు రాలేదని కూడా వివరంగా రాసే మనిషివి, ఇక్కడ మాత్రం “ఏదో” అంటున్నావు. నా దగ్గర ఒక కాగితం ఉంది. నువ్వు నిజం రాస్తే దాన్ని పంపిస్తాను. ముందు నువ్వు.

నీ అర్ధమొగుడు

*

కిటికీ బల్ల
జూలై

అమ్మాయ్,

ఈసారి రేడియో అనడానికి మనసొప్పలేదు.

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది. రోజూ కాగితం తీస్తున్నాను, పెడుతున్నాను. సరే, విను. ఆ రోజు నేను సంచి సర్దుకుని వెళ్ళాను. వేరే ఊళ్ళో, అక్కడే ఉండి పాఠాలు చెప్పే బళ్ళో ఉద్యోగం. మీ అన్నయ్యకి చెప్పకుండా దరఖాస్తు పెట్టాను, వచ్చింది. ఆయన మంచివాడు కాదని కాదు. కొట్టాడా, తిట్టాడా, ఏమీ లేదు. నేను మాట్లాడితే తలూపేవాడు. ఏం మాట్లాడినా అదే తలూపు. పన్నెండేళ్ళు. ఆ నాటకం చదివి తెగ నవ్వానని రాశాను కదా. సగం నవ్వాను. ఆ పనిమనిషి మాట ఎవరూ వినకపోతుంటే నాకు కోపమొచ్చి పుస్తకం విసిరికొట్టాను కూడా. అట్ట లేదన్నది అందుకే.

వెళ్ళేముందు “వెళ్ళిపోతున్నాను” అని రాద్దామని పెన్సిలు తీశాను. చెయ్యి రాలేదు. రోజూ రాసేదే రాసేశాను. గడియ పెట్టకండి, వచ్చేస్తాను. అది అబద్ధం. రాసేటప్పుడు తిరిగొచ్చే ఉద్దేశం నాకు లేదు. మీ నాటకంలో అందరూ కళ్ళు తుడుచుకునే మాట అదీ.

బస్సు స్టేషన్లో బెంచీమీద కూర్చున్నాను. ఒక బస్సు వెళ్ళింది. ఇంకో బస్సు వెళ్ళింది. ఆయన గడియ పెట్టకుండా కూర్చుంటాడే అనిపించింది. ఏది చెప్తే అది చేసే మనిషి! నేను రాకపోతే ఆ తలుపు అలాగే ఉంటుంది, ఎన్నాళ్ళైనా. చీకటి పడకముందే వెనక్కి వచ్చేశాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. మిషను ముందు కూర్చుని టకటక కొడుతున్నాడు. తలెత్తి “తిన్నావా?” అన్నాడు. నా చేతిలో సంచి ఆయన చూడలేదు. నేనూ చెప్పలేదు. ఆ తర్వాత మాత్రం కొంచెం కొంచెం మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎందుకో అడగలేదు, దొరికిందే చాలనుకున్నాను. ఆయన పోయి ఆరేళ్ళైంది, ఇప్పుడు చెప్దామన్నా ఎవరికి చెప్పను?

నీ కాగితం పంపించు. అది ఏమైనా సరే.

వదిన

*

ఇస్త్రీ బల్ల
జూలై ఆఖరు

వదినా,

కుర్చీలో కూర్చుని చదువు.

ఇరవై రెండేళ్ళ కిందట నాటకం కట్టతోపాటు అన్నయ్య నాకు ఒక చీటీ టైపు చేసి పంపాడు. మనిషికి చేత్తో రాయడం కూడా బద్ధకమే కదా. అసలుది నా దగ్గరే ఉంచుకుని, నకలు ఇక్కడ రాస్తున్నాను. కామాలు సహా.

“చెల్లీ, నాటకం పంపుతున్నాను. చివరి మాట ఫ్రెంచిలో లేదు. మీ వదిన నాకోసం మార్జిన్లో రాసింది. నేను మిషను దగ్గరికి వచ్చేసరికి మేకుకి సంచి లేదు, ఆవిడ మంచి చెప్పులు లేవు. గడియ తీసిపెట్టి కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక చివరి పేజీ మళ్ళీ మళ్ళీ కొట్టాను. నాలుగోసారి, ఆ మాటకి పనిమనిషి పేరు పెట్టి కొట్టాను. కావాలనే. పిల్లలకి చెప్పే పాఠం నేనే తప్పాను. కాగితం మిషనులో ఉండగానే ఆవిడ వచ్చింది. సంచి చూశాను. అడిగితే మళ్ళీ వెళ్ళిపోతుందేమోనని తిన్నావా అన్నాను. ఆ పేజీ మార్చబుద్ధి కాలేదు. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఆవిడకి. తనంతట తాను చెప్పేదాకా.”

నా నోట్లో నువ్వుగింజ నానదన్నావు. ఇరవై రెండేళ్ళు నానబెట్టాను! అది ఏ ఫ్రెంచి మాటకి తెలుగో ఫిబ్రవరిలో అడిగినప్పుడే నాకు తెలుసు. నీ చేత చెప్పించాలని అడిగాను. ముఖం మాడ్చుకోకు, అర్ధమొగుడికి ఆమాత్రం హక్కుంటుంది.

మేనకోడలి జవాబు నిన్న వచ్చింది. కామా మేష్టారే చదివి తెలుగులో చెప్పాడు, గొంతు సవరించుకుని. “ఆ మాట మా మామయ్యది కాదు. రాసినావిడ వచ్చి, అది తనదని నా ఎదురుగా చెబితే ఉంచుకోండి. రాకపోతే తీసేయండి.” అదీ సంగతి. పుస్తకంలో నీ పేరు మెల్లగా రాసి తప్పించుకోవడం కుదరదు.

ముప్పై ఆటలకీ పిలిచాను, నువ్వు రాలేదు. బడి ఉందన్నావు, అన్నయ్యకి వంట అన్నావు, తర్వాత మోకాళ్ళన్నావు. మోకాళ్ళు నావి, నీవి కావు. ఈసారి బతిమాలను. ఆ మాట నేను అనాలా, మింగాలా, అది నీ చేతిలో ఉంది.

నీ ఆడపడుచు

*

మేడమీది గది, దించిన పెట్టెల మధ్య
ఆగస్టు

రేడియోకి,

నకలు మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవలేకపోయాను. సంచి చూశాడా మీ అన్నయ్య? చెప్పులతో సహా! పన్నెండేళ్ళు నా మాట వినలేదని అలిగి వెళ్ళానే, చీటీలో రెండు ముక్కలు పట్టుకుని అంతసేపు కూర్చున్నాడా ఆ మనిషి! ఎదురుగా ఉంటే ఎడాపెడా తిట్టేదాన్ని. నువ్వు కూడా తోడుదొంగవే. నీ పని అక్కడికి వచ్చి చెప్తాను.

పాస్‌పోర్టు ఫోటోలో పోలీసులు వెతికే మనిషిలా ఉన్నాను. టిక్కెట్టు కొన్నాను. ఆట ముందురోజు సాయంత్రానికి దిగుతాను. మీ కామా మేష్టారిని ముందు వరసలో నా పక్కన కూర్చోబెట్టు, ఆయనకి మౌనం ఏ పేజీలో ఉంటుందో చూపిస్తాను. మేనకోడలుగారికి చెప్పాల్సింది ఫ్రెంచిలో అభ్యాసం చేస్తున్నాను. ఆకుపచ్చ నోటుపుస్తకం సంచిలో పెట్టాను, అదే పాత సంచి.

ఇక తెరవెనక్కి వచ్చి ఆవిడ తిరిగొచ్చిందా అని అడిగేవాళ్ళకి, ముందు వరస చూపించు.

ఎయిర్‌పోర్టుకి ఎవరూ రానక్కర్లేదు. తలుపు మాత్రం గడియ పెట్టకు. నేను వచ్చేస్తాను. ఈసారి అబద్ధం కాదు.

వదిన